ఫాంటసీ కథల్లో ఊళ్ల పేర్లు ఏ భాషల నుంచి వస్తాయి?

మీరు అడిగింది ఇది: ఫాంటసీ నవలల్లో కనిపించే ఊళ్లు, నదులు, రాజ్యాల పేర్లను నిజమైన భాషల నుంచి తెస్తారా, లేక నోటికొచ్చిన పేరు పెట్టేస్తారా? దానికి తోడు, తెలుగులో మీరు రాస్తున్న నవలలో పేర్లు అతికించినట్టు ఉన్నాయని స్నేహితులు అంటున్నారు, ఎందుకలా అని కూడా అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. పాఠకుల నోళ్లలో నిలిచిపోయిన పేర్లలో చాలావాటి వెనక ఏదో ఒక నిజమైన భాష ఉంటుంది. కొన్నిసార్లు మాటే అక్కడి నుంచి వస్తుంది, కొన్నిసార్లు పలుకుబడి మాత్రమే వస్తుంది. కానీ పేరు నమ్మేట్టు ఉండాలంటే అదొక్కటే సరిపోదు. ఒక పేరు ఎంత బాగుందని కాదు, పక్క పేర్లతో దానికి చుట్టరికం ఉందా అని చూడాలి. ఆ నేల మీదికి ముందు ఎవరొచ్చారు, తర్వాత ఎవరు ఏలారు, ఎవరి నోట్లో ఏ పేరు అరిగిపోయింది అన్నది పేర్ల మధ్య తెలుస్తూ ఉండాలి. మీ పేర్లలో లేనిది ఇదేనని నా అనుమానం.

నేను చదివింది భాషాశాస్త్రం, పని చేసింది ఊరి పేర్ల మీద. ఫాంటసీ పిచ్చి చిన్నప్పటి నుంచీ ఉంది. ఆ రెండూ తెలిసినవాళ్లు తాము గీసుకున్న మ్యాపులు నాకు పంపుతుంటారు. ఈ జవాబంతా ఆ అనుభవం మీద ఆధారపడిందే.

ఈ విషయంలో ఎవరు మాట్లాడినా 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' అనే ఫాంటసీ నవల రాసిన టోల్కీన్ దగ్గర మొదలెట్టక తప్పదు. ఆయన ఆక్స్‌ఫర్డ్‌లో పాత ఇంగ్లిష్ చెప్పిన ప్రొఫెసర్. అంతకుముందు, 1919-20 ప్రాంతంలో, ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులో మాటల పుట్టుపూర్వోత్తరాలు రాసే ఉద్యోగం చేశాడు. కథ కోసం భాషలు కల్పించలేదనీ, తాను కల్పించుకున్న భాషలకు ఒక లోకం కావాలి కాబట్టి కథలు పుట్టాయనీ ఆయనే చెప్పుకున్నాడు. 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' 1954-55లో వచ్చేనాటికి ఆ భాషల వయసు దాదాపు నలభై ఏళ్లు.

ఆయన తన కథల్లో ఎల్ఫులనే చావులేని జాతికి రెండు భాషలు ఇచ్చాడు. క్వెన్యాకు ఫిన్నిష్ పలుకుబడి ప్రధానంగా ఆధారం. సిండారిన్‌ను వెల్ష్ భాష చెవికి ఎలా వినబడుతుందో అలా మలిచాడు. ఆయన కథాలోకం మ్యాపులో ఎక్కువ పేర్లు ఈ సిండారిన్‌లోనివే. అందులో 'మోర్' అంటే నలుపు, 'డోర్' అంటే నేల, 'గోండ్' అంటే రాయి. కాబట్టి మోర్డోర్ నల్లనేల, గోండోర్ రాతినేల. మోరియా నల్లటి అగాధం. 'మినాస్' అంటే బురుజు: మినాస్ తిరిత్ కాపలా బురుజు, మినాస్ ఇథిల్ చంద్రుడి బురుజు. శత్రువుల చేతికి చిక్కాక ఆ మినాస్ ఇథిల్ పేరు మినాస్ మోర్గుల్‌గా, అంటే చేతబడి బురుజుగా, మారిపోయింది. ఆ మార్పులోనే సగం చరిత్ర ఉంది.

పాఠకుడికి ఈ అర్థాలేవీ తెలియనక్కర్లేదు. 'మోర్' మూడుసార్లు వినబడగానే అది మంచి చోటు కాదని చెవికి తెలిసిపోతుంది. మనం 'ఏరు' అని ముగిసే పేరు వినగానే అక్కడ నీళ్లుంటాయని అనుకుంటాం కదా, అలాంటిదే. పైగా ఇంగ్లిష్ చెవికి మోర్డోర్ మరో రకంగానూ తగులుతుంది. పాత ఇంగ్లిష్‌లో హత్యను 'మోర్‌థోర్' అనేవాళ్లు.

ఆ కథలోనే రోహాన్ అనే రాజ్యం దగ్గర ఇంకో ఎత్తు వేశాడు. అక్కడి గుర్రపు రౌతుల భాష స్థానంలో ఏకంగా పాత ఇంగ్లిష్‌నే పెట్టేశాడు. వాళ్ల రాజధాని ఎడోరాస్ అంటే పాత ఇంగ్లిష్‌లో ఆవరణలు, ఇళ్లు. రాజు కొలువుతీరే మెడుసెల్డ్ అంటే తేనెమద్యం తాగే మండపం. ఆ మాట 'బేవుల్ఫ్' కావ్యంలోనే ఉంది. ఐసెన్‌గార్డ్ అంటే ఇనుప ప్రాకారం. ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. 'రోహాన్' అనే పేరు పక్క రాజ్యం గోండోర్ వాళ్లు పెట్టింది, సిండారిన్‌లో గుర్రాల నేల అని అర్థం. ఆ దేశస్థులు మాత్రం తమ నేలను 'మార్క్' అంటారు. ఒక దేశాన్ని బయటివాళ్లు పిలిచే పేరు ఒకటి, లోపలివాళ్లు పిలుచుకునే పేరు ఇంకొకటి. మనం గ్రీస్ అంటాం, వాళ్లు ఎల్లాడా అంటారు. మీ నవలలో ఒక్క రాజ్యానికైనా ఇలా రెండు పేర్లు ఇచ్చి చూడండి, వెంటనే ఎదురుగా ఇంకో జాతి నిలబడుతుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది మాత్రం ఈ గంభీరమైన పేర్లలో ఏదీ కాదు. బ్రీ అనే చిన్న ఊరు. ఆ ఊరు బ్రీ-హిల్ అనే కొండ పక్కన ఉంటుంది. 'బ్రీ' అన్నది ఇంగ్లిష్ వాళ్లు రాకముందు బ్రిటన్‌లో ఉన్న కెల్టిక్ భాషలో కొండ అనే మాట. 'హిల్' అంటే ఎలాగూ కొండే. అంటే కొండ-కొండ. పక్కనే చెట్‌వుడ్ అనే అడవి ఉంటుంది. 'చెట్' కూడా ఆ కెల్టిక్ మాటే, అడవి అని అర్థం. అది అడవి-అడవి. పొరపాటున పెట్టినవి కావు ఇవి. ఇంగ్లండులో నిజంగానే బ్రిల్ అనే ఊరుంది, అది 'బ్రె', 'హిల్' కలిసి అరిగిన రూపం. పాత జనం కొండను కొండ అని పిలిచారు. కొత్తగా వచ్చినవాళ్లు అది ఆ కొండ పేరనుకుని, తమ మాట ఒకటి తగిలించారు.

ఇది మనకు కొత్తేమీ కాదండి. తిరుమల అంటేనే పవిత్రమైన కొండ, 'మల' అంటే కొండ. అయినా మనం తిరుమల కొండ ఎక్కామంటాం. నల్లమల అంటే నల్లకొండ, అయినా పాఠ్యపుస్తకంలో నల్లమల కొండలు. జగిత్యాల వైపు కొండగట్టు ఉంది, తెలంగాణలో గట్టు అన్నా కొండే. ఖమ్మంలో మున్నేరు వాగు అంటారు, ఆ పేరులో ఏరు ముందే ఉంది. మాటకు అర్థం మసకబారి పేరుగా మాత్రమే మిగిలినప్పుడు ఇలా జరుగుతుంది. ఇలాంటి పేరు మీ మ్యాపులో ఒక్కటి పెడితే చాలు, మీ లోకానికి పాతకాలం ఒకటి ఉందని ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

ఆయన చేసిన ఇంకో చమత్కారం బ్రాందీవైన్ నది. దాని ఎల్ఫు పేరు బరండుయిన్, అంటే బంగారు గోధుమరంగు ఏరు. ఆయన కథల్లోని హాబిట్లు అనే పొట్టి జనానికి ఆ పేరు నోరు తిరగలేదు. దాన్ని ముందు తమ భాషలో సరిహద్దు నీళ్లు అనే అర్థం వచ్చేలా మార్చుకున్నారు. తర్వాత నది రంగు చూసి, వేళాకోళంగా మత్తెక్కించే బీరు అనే అర్థం వచ్చేలా ఇంకొంచెం వంచారు. దాన్నే ఆయన ఇంగ్లిష్‌లో బ్రాందీవైన్ చేశాడు. జనం నోట్లో పేర్లు నిజంగా ఇలాగే మారతాయి. అర్థం తెలియని మాట దొరికితే జనం దానికి ఏదో ఒక అర్థం అంటగట్టందే ఊరుకోరు. బెజవాడకు బెజ్జం కథ పుట్టింది అలాగే. కృష్ణమ్మ పారడానికి కొండకు బెజ్జం చేశారు కాబట్టి బెజ్జంవాడ అని ఎవరిని అడిగినా చెప్తారు. అది నిజమా కాదా అన్నది భాషాశాస్త్రం గొడవ. నవల రాసేవాడికి మాత్రం ఆ కథే బంగారం.

అందరూ టోల్కీన్ లాగా చేయరు, చేయాల్సిన పని కూడా లేదు. సి.ఎస్. లూయిస్ తన పిల్లల ఫాంటసీ కథల్లోని నార్నియా రాజ్యం పేరు ఒక అట్లాసులో చూసి తీసుకున్నాడు. ఇటలీలో నార్ని అనే ఊరుంది, లాటిన్‌లో దాని పేరే నార్నియా. చెవికి బాగుందని తీసుకున్నాడు, అంతే. 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' రాసిన జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ అయితే తన కథలోని పశ్చిమ ఖండంలో దాదాపు అన్నీ మామూలు ఇంగ్లిష్ మాటలతోనే కట్టాడు: కింగ్స్ లాండింగ్, హైగార్డెన్, ఓల్డ్‌టౌన్. సముద్రం దాటగానే పేర్లు మారిపోతాయి. అక్కడ గుర్రాల మీద తిరిగే డోత్రాకీ అనే జాతి వాళ్ల దగ్గర 'వేస్' అంటే నగరం: వేస్ డోత్రాక్, వేస్ తొలోరో. పుస్తకాల్లో ఉన్న కొద్దిపాటి మాటలనూ పేర్లనూ ముందు పెట్టుకుని, టీవీ సీరియల్ కోసం డేవిడ్ పీటర్సన్ అనే భాషా నిపుణుడు వ్యాకరణంతో సహా పూర్తి డోత్రాకీ భాషను తయారుచేశాడు. మొదట పెట్టిన పేర్లలో ఒక పద్ధతి ఉంది కాబట్టి తర్వాత వాటి మీద భాష నిలబడింది. పద్ధతి లేకుండా పెట్టి ఉంటే పాపం ఆయన తల పట్టుకునేవాడు.

ఇప్పుడు మీ నవల సంగతి. మీరు ప్రశ్నలో కొన్ని పేర్లు ఇచ్చారు: జైల్మార్, క్రాథోస్, వీరేంద్రగిరి, బ్లాక్‌వుడ్ అడవి, సువర్ణపురం. దేనికది చూస్తే తప్పు లేదు. పక్కపక్కన పెడితే మొదటి రెండూ ఇంగ్లిష్ వీడియో గేములోంచి వచ్చినట్టు, మూడోదీ అయిదోదీ పాత జానపద సినిమాలోంచి వచ్చినట్టు ఉన్నాయి. ఆ అడవికి బ్లాక్‌వుడ్ అని ఎవరు పెట్టారు? మీ కథలో ఇంగ్లిష్ వాళ్లు లేరు కదా. టోల్కీన్‌కి డచ్, స్వీడిష్ అనువాదాలు నచ్చక 1967లో అనువాదకుల కోసం పేర్ల మీద ఒక మార్గదర్శిని రాశాడు. అందులో సూత్రం చాలా తేలిక: ఇంగ్లిష్‌లో అర్థమయ్యే పేరును అర్థాన్ని బట్టి మీ భాషలోకి మార్చండి, ఎల్ఫు పేరైతే ముట్టుకోకండి. ఆ లెక్కన తెలుగు మాట్లాడే జనం ఉన్న కథలో అది చీకటడవి కావాలి, కారడవి కావాలి, బ్లాక్‌వుడ్ మాత్రం కాదు.

తెలుగులో ఫాంటసీ రాసేవాళ్లకు ఇంకో అలవాటు ఉంది. ప్రతి ఊరికీ సంస్కృతం పేరే పెడతారు. చందమామ కథల నుంచి సినిమాల దాకా అదే వరస. 'బాహుబలి'లోని మాహిష్మతి పురాణాల్లో హైహయుల రాజధాని, కార్తవీర్యార్జునుడి నగరం. నర్మద ఒడ్డున ఉన్న మహేశ్వర్ అదేనని చాలామంది చెప్తారు. కాలకేయులు కూడా మహాభారతంలోని అసురులే. అక్కడ సంస్కృతం పేరు అమరింది, ఎందుకంటే అది సామ్రాజ్యం, రాజులు పెట్టుకున్న పేరు. ఎదుటి వర్గమైన కాలకేయులకు తమిళ సినీ రచయిత మదన్ కార్కీ కిలికి అనే వేరే భాష చేసిచ్చాడు. తేడా వినబడింది. కానీ మీ నవలలో చేపలు పట్టే పల్లెకు కూడా సువర్ణపురం అని ఉంటే రాజ్యం మొత్తానికీ ఒకే గుమాస్తా ఒకే రోజు కూర్చుని పేర్లు రాసినట్టుంటుంది.

నిజమైన తెలుగు నేల ఎలా ఉందో చూడండి. వరంగల్ ఒక్కదానికే ఓరుగల్లు అని తెలుగు పేరు, ఏకశిలానగరం అని సంస్కృతం పేరు ఉన్నాయి. రెండింటికీ ఒంటిరాయి అనే అర్థం. ఓరుగల్లు ఇంకా అరిగి వరంగల్ అయింది. పాలమూరు నిజాం పేరు మీద మహబూబ్‌నగర్ అయింది, ఇందూరు నిజామాబాద్ అయింది, అయినా పాలమూరు అనే మాట జనం నోట్లో నేటికీ పోలేదు. మచిలీపట్నాన్ని బందరు అంటాం, ఆ బందరు ఓడరేవు అనే అర్థమున్న పారశీక మాట. మదనపల్లె, పెద్దపల్లి అని పక్కపక్కన రాస్తే చివరి అచ్చు ఒక్కటే తేడా, కానీ చాలామందికి ఏ సీమదో ఏది అని చెవికే తెలుస్తుంది. గోదావరి లంకల్లో బూరుగులంక, ఊడిమూడిలంక లాంటి పేర్లు వింటాం. లంక అంటే అక్కడ ఏటి నడుమ దిబ్బ. వేరే జిల్లా వాడికి లంక అనగానే రావణుడు గుర్తొస్తాడు, అది వేరే విషయం.

తెలుగు చెవికి రెండు గుర్తులు చాలా బాగా పనిచేస్తాయి. ఒకటి, తెలుగు అజంత భాష. మన మాటలు అచ్చుతో ముగుస్తాయి. మోర్డోర్, గోండోర్ లాగా హల్లుతో ఆగిపోయే పేరు వినగానే పరాయిది అనిపిస్తుంది. ఆ గుణాన్ని కావాలనే వాడుకోండి. సరిహద్దు దాటిన రాజ్యంలో పేర్లన్నీ హల్లుతో ముగించండి, ఇవతల అన్నీ అచ్చుతో ముగించండి. రెండోది, అచ్చతెలుగు మాటల్లో ఖ, ఘ, ధ, భ లాంటి వత్తి పలికే అక్షరాలు మామూలుగా ఉండవు. అవి సంస్కృతంతోనూ, తర్వాత ఉర్దూ లాంటి భాషలతోనూ వచ్చాయి. కాబట్టి పల్లెల పేర్లలో అవి తీసేసి, కోటలూ రాజధానులకు మాత్రం ఉంచితే ఎవరు ఏలుతున్నారో, ఎవరు దున్నుతున్నారో పేరులోనే తేలిపోతుంది.

ఒక ఉదాహరణ వేసి చూపిస్తాను, ఇష్టమైతే మీరే వాడుకోండి. మీ మ్యాపు మధ్యలో ఒక పెద్ద నది ఉంది, దానికి సింధుజ అని పెట్టారు. దాన్ని పక్కన పెట్టండి. అక్కడ మొదట ఒక పాత జాతి ఉండేదనుకుందాం. వాళ్ల భాషలో 'హన్' అంటే పెద్ద, 'తిల్వ' అంటే నది. నది పేరు హన్‌తిల్వ. తర్వాత తెలుగు లాంటి భాష మాట్లాడే రైతులు వచ్చారు. అది నది పేరనుకుని హంతిల్వ ఏరు అన్నారు. బ్రీ-హిల్ లెక్కే. నాలుగు తరాలు గడిచాయి, ముందున్న హకారం రాలిపోయింది, మధ్యలో వకారం మింగుడుపడింది. అంతిలేరు అయింది. ఇప్పుడు ఈ 'అంతి' ఏమిటో ఎవరికీ తెలియదు. ఎవరో తాత అంతు లేని ఏరు కాబట్టి అంతులేరు అని మనవడికి చెప్పాడు. ఊరంతా అదే నమ్మింది, పేరే అంతులేరు అయిపోయింది. తర్వాత రాజుగారి శాసనం చెక్కే పండితుడు వచ్చాడు. నాటు పేరు శాసనంలో బాగోదని అంతు లేనిది అనంతం కదా అని లెక్కేసి అనంతవాహిని అని చెక్కించాడు. గుంటూరును గర్తపురి చేసినట్టు.

ఇప్పుడు మీ చేతిలో ఒక్క నదికి మూడు పేర్లున్నాయి. కోటలో అనంతవాహిని, పల్లెలో అంతులేరు, కొండల్లోకి తప్పుకున్న పాత జాతి నోట హన్‌తిల్వ. ఒక పాత్ర ఏ పేరు వాడిందో వింటే చాలు, ఆ మనిషి ఎక్కడివాడో మీరు వివరించే పని తప్పుతుంది. పాత జాతి ముసలమ్మ ఎవరైనా శాసనం చూసి నవ్వితే, అదో సన్నివేశం.

నదులకూ కొండలకూ పాత జాతి పేర్లు, చిన్న ఊళ్లకు రైతుల పేర్లు, కోటలకూ పెద్ద నగరాలకూ పాలకుల పేర్లు ఇవ్వండి. ఇంగ్లండులోనూ అంతే, నదుల పేర్లలో కెల్టిక్ మాటలు మిగిలాయి. అక్కడి ఏవన్ నది పేరుకు కెల్టిక్‌లో నది అనే అర్థం. ఊళ్ల పేర్ల చివర వచ్చే 'టన్', 'హామ్' ఇంగ్లిష్ వాళ్లవి. 'బి' అని ముగిసేవి చాలావరకు వైకింగులు దిగిన ప్రాంతాలవి. ఇది ఇనుప సూత్రం కాదు, కానీ మొదలుపెట్టడానికి సరిపోతుంది.

కొన్ని జాగ్రత్తలు. ఈ కసరత్తు అంతా మ్యాపులో మూడు నాలుగు పేర్లకు చేస్తే చాలు. అన్నిటికీ చేసి, ఆపైన నవలలో పేజీలకు పేజీలు వివరిస్తే చదివేవాళ్లు పుస్తకం మూసేస్తారు. నాకు వచ్చిన రాతప్రతుల్లో ఒకదానిలో మొదటి అధ్యాయమంతా నదుల పేర్ల చరిత్రే. రాసినవాడి కష్టం కనబడింది, కథ కనబడలేదు. పేరును పైకి చదివి చూడండి, సంభాషణలో నాలుక తడబడితే మార్చేయండి. కొత్తగా కల్పించిన పేరును ఒకసారి గూగుల్‌లో వెతకండి, అది ఏ దేశంలోనో బూతు మాటో, సబ్బు బ్రాండో అయి ఉండొచ్చు.

ఇంకోటి కాస్త గట్టిగానే చెప్తాను. బతికున్న చిన్న భాషల మాటలు తెచ్చి రాక్షసుల కోటలకు పెట్టకండి. గోండి, కోయ, సవర మాటలు "వింతగా వినబడతాయి" అని అలా వాడిన రాతప్రతి ఒకటి నా దగ్గరకొచ్చింది. ఆ భాష మాట్లాడేవాళ్లు రేపు మీ పుస్తకం చదువుతారు. పలుకుబడి నుంచి స్ఫూర్తి తీసుకోవడం వేరు, వాళ్ల ఇంటి మాటను తెచ్చి శత్రువుకు అంటించడం వేరు. టోల్కీన్ తన కథల్లోని మరుగుజ్జుల భాషను అరబ్బీ, హీబ్రూ లాంటి సెమిటిక్ భాషల ధాతువుల పద్ధతిలో కట్టుకున్నాడు కానీ మాటలు తనవే పెట్టుకున్నాడు.

మ్యాపు ముందు గీయాలా, పేర్లు ముందు పెట్టాలా అని చివర్లో అడిగారు. రెండూ కాదు. ముందు ఒక కాగితం మీద ఎవరు ఎప్పుడొచ్చారో నాలుగు లైన్లు రాసుకోండి. ఒక్కో జాతికి ఓ పది మాటలు చేసుకోండి: పెద్ద, చిన్న, నలుపు, ఎరుపు, ఏరు, కొండ, అడవి, ఊరు, రాయి, ఉప్పు. ఈ పది మాటలతో ఒక రాజ్యం గడిచిపోతుంది. ఆ తర్వాత మ్యాపు గీసుకుంటూ పేర్లు పెట్టుకుంటూ వెళ్లండి. జైల్మార్ పేరు మీద మీకు మరీ మమకారం ఉంటే ఉంచుకోండి, సరిహద్దు అవతలి రాజ్యానికి ఇచ్చి, దానికి తోడుగా 'మార్' అని ముగిసే ఊళ్లు ఇంకో రెండు పక్కన పెట్టండి. క్రాథోస్ మాత్రం తీసేయండి, అది ఇప్పటికే ఒక వీడియో గేము హీరో పేరుకు మరీ దగ్గరగా ఉంది.